పట్టపగటి మంట

అనకాపల్లి శివార్లలోని ఆ చిన్న ల్యాబులో రాజశ్రీకి హైడ్రోజన్ పని కొత్త కాదు. మందు తయారుచేసేటప్పుడు అణువులో ఒక మూల పాడవకుండా ముందే బెంజైల్ తొడుగు తొడుగుతారు. చివర్లో పల్లాడియం పట్టించిన నల్లటి బొగ్గుపొడి వేసి, హైడ్రోజన్ ఎక్కించి ఆ తొడుగు ఊడదీస్తారు. ఆ మధ్యాహ్నం ఆ పనే నడుస్తోంది.

పని ఎంతదాకా వచ్చిందో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద పాత చుక్క పూర్తిగా మాయమైంది. తొడుగు ఊడిపోయినట్టే. ఇక గ్యాస్ ఖర్చవకూడదు. కానీ గేజీ ముల్లు దిగుతూనే ఉంది.

"ఇంకా తాగుతోందేటి మేడమ్?" అంది కొత్తగా చేరిన మహేక్.

రాజశ్రీ స్టీలు పాత్ర మూతచుట్టూ సబ్బునీళ్లు రాసింది. ఒక్క బుడగా రాలేదు. పాత్ర వాల్వు కట్టేసింది. పాత్ర గేజీ నిలబడింది, గోడమీది లైను గేజీ మాత్రం ఇంకా పడిపోతోంది. అంటే గ్యాస్ పోతున్నది బయట, సిలిండర్ల షెడ్డు దగ్గర.

"నేను కట్టేసొత్తాను!" మహేక్ గొంతు అప్పటికే తలుపు అవతల వినబడింది.

రాజశ్రీ వెనకాలే పరుగెత్తింది. ఎండ చుర్రుమంటోంది. షెడ్డు ముందు మహేక్ బిగుసుకుపోయి నిలబడి ఉంది.

"ఇక్కడెవరో ఉన్నారు మేడమ్," అంది నెమ్మదిగా. "మొహంమీద వేడిగా ఊపిరి వదుల్తన్నారు."

అక్కడెవరూ లేరు. మహేక్ ఏప్రన్ చేతి అంచు మాత్రం గోధుమరంగుకి తిరిగి, చూస్తుండగానే నల్లబడుతోంది. మంట లేదు. బట్ట కాలుతున్న వాసన.

రాజశ్రీకి అర్థమైంది. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదని చదువుకుందే తప్ప, ఎన్నడూ దాని ఎదుట నిలబడలేదు.

"సెయ్యెత్తకు. వచ్చిన దారినే వెనక్కి రా. తిరక్కు."

మహేక్ వెనక్కి వచ్చాక, రాజశ్రీ గుమ్మం పక్కనున్న కొబ్బరి చీపురు అందుకుని ముందుకు చాపి, అడుగులో అడుగేసింది. ఉత్త గాలిలో చీపురు కొస భగ్గుమంది. ఇంతసేపూ మహేక్ చెంప ఉన్నచోటికి అది జానెడు దూరం.

ఆమె చీపురు పారేసి, చుట్టు తిరిగి వెళ్లి ప్రహరీ పక్కనున్న సిలిండర్ల మెయిన్ వాల్వు కట్టేసింది. షెడ్డులోంచి వస్తున్న సన్నటి బుస ఆగింది.

"ఆరిపోయిందా?"

"ఆరే ఉంటాది."

"మనకెలా తెలుత్తాది మేడమ్?"

రాజశ్రీ మరో చీపురు తెచ్చి చాపింది. అంటుకోలేదు. అయినా ఇద్దరిలో ఒక్కరూ షెడ్డు లోపలికి అడుగెయ్యలేదు. ఎండ ఇందాకటిలాగే ఉంది. ల్యాబు మెట్లమీద కూర్చుని, చీకటి పడేదాకా షెడ్డు వైపే చూస్తూ ఉండిపోయారు.