పేరు చెక్కిన డబ్బా

రజిత పెట్టిన గాజు సీసాలో పసుపు రంగు కళ్ళముందే పలచబడిపోతుంటే యూనివర్సిటీ ల్యాబు నడిపే ప్రొఫెసర్ పార్థసారథి గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు.

"చూశారా రమాదేవి గారూ! మీ టీ చల్లారేలోపు అయిపోయింది. అదే చీకట్లో పెడితే ఎంతసేపు కూర్చోవాలి!"

రమాదేవి చూసింది. చూడక ఏం చేస్తుంది? ఆ సీసాలో పనిచేస్తున్నవి ఆమె తయారుచేసిన రేణువులే. కంటికి ఆనని బంగారు రేణువులు. నీళ్ళలో చిక్కగా ఉంటే దానిమ్మ రసం రంగులో ఉంటాయి; సీసాలో వేసే ఒక్క చుక్కలో ఆ రంగు తెలియదు. పసుపు రసాయనాన్ని రంగులేని పదార్థంగా మార్చే పనిని అవి వేగిరపరుస్తాయి. ఏళ్ళ తరబడి ఆమె వాటితోనే కుస్తీ పడుతోంది. మొన్న నల్గొండ నుంచి వచ్చి చేరిన ఈ పిల్ల, వాటిమీద ఒక ఆకుపచ్చ దీపం వెలిగించింది. పని పరుగందుకుంది.

ఒక్క దీపం! పిల్లాణ్ణి బడికి పంపాక మళ్ళీ చదువు మొదలుపెట్టి, ఇల్లూ ల్యాబూ అంటూ తిరిగిన తనకు ఆ దీపం ఎందుకు తోచలేదు?

సాయంత్రం తార్నాకలో ఇంటికొచ్చి బీరకాయ చెక్కు తీస్తుంటే భర్త ఓబులేసు గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఆ కాయ నీకేం ద్రోహం చేసిందిమే? సగం చెక్కుతోనే పోతాండాది."

"వెలుగంట! దీపం కింద పెడితే ఏదైనా వేడెక్కదా? వేడెక్కితే ఏ రసాయనమైనా తొందరపడదా?"

"నేను ట్రెజరీ గుమాస్తాని. నన్నడిగితే ఏం తెలుస్తాది? మీ సారును అడుగు."

అడిగింది. అదీ అందరూ కూర్చున్న మీటింగులో. పార్థసారథి గారి ముఖంలో నవ్వు తగ్గింది. వెలుగు తగిలితే రేణువుల్లో ఎలక్ట్రాన్లు ఊగిపోతాయనీ, పక్కనున్న అణువుల్ని అవే కదిలిస్తాయనీ రజిత చెప్పబోయింది.

"కావచ్చమ్మా. దీపం వేడి కూడా కావచ్చు కదా" అన్నారాయన. "బెంగళూరు సదస్సుకు మన ల్యాబు నుంచి ఒక్కరికే అవకాశం. ఈ అనుమానం తీరకపోతే రమాదేవి గారి పనే పంపుదాం."

రజిత తలవంచుకుంది. రమాదేవి ఆరోజు ఇంటికి వెళ్తూ పిల్లాడికి ఐస్‌క్రీం కొంది.

మర్నాటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె బిగిసింది. బస్సులు డిపోలు దాటలేదు. హాస్టల్ మెస్సు మూతపడింది. రజిత తోటి విద్యార్థులతో రోడ్డుమీదే ఉంది. రమాదేవి మాత్రం లంచ్ డబ్బా సంచిలో పెట్టుకుని, తార్నాక నుంచి నడిచి క్యాంపస్‌కు వచ్చింది. వేడేనని తన చేత్తో తేల్చేయాలి. ఇక ఆ పిల్ల మళ్ళీ నోరెత్తకూడదు.

రెండు సీసాలూ ఒకే నీళ్ళలో నిలబెడితే చాలు. రెండింటికీ వేడి ఒకటే. ఒకదానికి అల్యూమినియం రేకు చుట్టి వెలుగు తగలకుండా చేయాలి. వేడి వల్లే అయితే రెండూ కలిసే రంగు పోగొట్టుకుంటాయి. కానీ నీళ్ళ తొట్టి ఉన్న గదికి తాళం. రమాదేవి చుట్టూ చూసి, తన స్టీలు డబ్బాలోని చిత్రాన్నాన్ని బయట వరండాలో మూతలోకి ఒంపి, డబ్బా కడిగి కుళాయి నీళ్ళు పట్టింది. ఆదోనిలో వాళ్ళమ్మ కొనిచ్చిన డబ్బా. మీద చుక్కల అక్షరాల్లో 'ఎం. రమాదేవి' అని చెక్కించి ఉంది.

దీపం వేసింది. థర్మామీటరు కదలలేదు. వెలుగులోని సీసా తెల్లబడింది. రేకు విప్పి చూస్తే రెండోది ఇంకా చామంతి పువ్వులా ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సీసాలు కొత్తగా నింపి, రేకు ఇంకోదానికి మార్చి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

బయట ఢాంఢామ్మని బాష్పవాయువు గుండ్లు పేలాయి. కాసేపటికి తలుపు నెట్టుకుని రజిత లోపలికి వచ్చింది. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మీరు గీడ ఉన్నరా? ఏం చేస్తున్నరు?"

రమాదేవి చెయ్యి రేకు మీద ఉంది. రెండు సీసాలూ సింకులో ఒంపేస్తే చాలు. ఏం తేలిందో ఇంకెవరికీ తెలియదు. బెంగళూరు తనదే.

రజిత డబ్బా చూసింది, దీపం చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"వేడేనా అక్కా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

ఆ ఎర్రటి కళ్ళలోకి చూడలేక రమాదేవి సీసాల వైపు తిరిగింది. ఒకటి తెలుపు, ఒకటి పసుపు. తను కాదన్నా అవి అట్లాగే ఉంటాయి.

"వేడి కాదు. నీ దీపమే" అంది, పంటి కింద రాయి పడ్డట్టు. "కళ్ళు నలపొద్దు, నీళ్ళతో కడుక్కో. వరండాలో చిత్రాన్నం ఉంది, తిను. సారుకు నేను ఫోన్ చేస్తా."

"మీరే చేసి చూసిన్రా? నా కోసం?"

"నీ కోసం కాదులే!"

రజిత ముఖం కడుక్కుని వచ్చి ఒక్కసారిగా నవ్వేసింది. "ఎందుకైతేంది అక్కా! బెంగళూరు పోస్టర్‌ల పెట్టెతందుకు ఒక ఫోటో తీస్తా, జర జరుగున్రి."

రజిత ఫోన్ కెమెరా సరిచేసుకుంటోంది. రమాదేవి పక్కకు జరిగింది. జరుగుతూ జరుగుతూ, సీసాలు కదలకుండా, డబ్బాను మెల్లగా తిప్పింది. చెక్కిన పేరు కెమెరా వైపు వచ్చింది.

సాయంత్రం గిన్నెలు సర్దుతూ ఓబులేసు అడిగాడు. "మీ అమ్మ ఇచ్చిన డబ్బా ఏదిమే?"

"ఇంక దాంట్లో తినకూడదు" అంది రమాదేవి. "బెంగళూరు పోతాంది."