మాట పట్టిన అప్పడాలు

బరంపురం పెద్ద బజారులో వాసవీకుమారి గారింట్లో, పొద్దున్నే కాఫీలయ్యాక ఆడవాళ్ళంతా బుగ్గన తలో లవంగం పెట్టుకుంటారు. పంటినొప్పి కాదు. అమ్మకానికి అప్పడాలు ఒత్తేటప్పుడు నోరు జారకుండా ఉండడానికి. ఆ ఇంటి పిండి అలాంటిది మరి. ఒత్తేవాళ్ళు ఒత్తుతూ ఏ మాట అంటే ఆ మాట దానికి పట్టేస్తుంది. ఎండలో ఆరినా పోదు, డబ్బాలో ఆర్నెల్లున్నా పోదు. కాగిన నూనెలో వేశాక, అప్పడం పొంగుతున్నంతసేపూ, ఆ మాట అన్నవాళ్ళ గొంతుతోనే పైకొస్తుంది.

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది. వెనకటికి వాసవీకుమారి తోడికోడలు, అప్పడాల కర్ర చేత పట్టుకునే, తన ఆడపడుచు నగల గురించి నాలుగు మాటలు అనేసింది. ఆ అప్పడాలు తిన్నగా ఆ ఆడపడుచు ఇంటి పెళ్ళికే వెళ్ళాయి. వియ్యంకుల విస్తళ్ళ ముందు, పప్పులో నంజుకునే వేళకి. అప్పట్నుంచే ఈ లవంగం. తద్దినాలకి కావాలంటే మాత్రం గోవిందనామాలు చెప్తూ ఒత్తి వేరే డబ్బాలో పెడతారు.

అలా నోరు కట్టుకుని కూచోవలసిన ఇంటికి దేవుడు ఎలాంటి కోడల్ని పంపాడో చూడండి. వసుధ పని నలుగుర్నీ నవ్వించడం. కొడల అనే ఊళ్ళో పుట్టింది. చదువుకునే రోజుల్లోనే స్టేజెక్కేసింది, పెళ్ళయ్యాకా మానలేదు. ఛత్రపురం, గంజాం, గోపాలపురం, ఎవరు పిలిచినా వెళ్ళి మైకు పట్టుకుని అరగంట నిలబడేది. మొగుడు రాఘవేంద్ర స్కూటరు మీద దింపి, వెనక వరసలో కూచుని, అందరికంటే ముందు నవ్వేవాడు.

కూతురు సౌందర్య పుట్టాక అంతా మారిపోయింది. పిల్లకిప్పుడు మూడేళ్ళు. మైకు ముందే కాదు, ఇంట్లోనైనా సరే తల్లి జోకు ఎత్తితే చాలు, పరిగెత్తుకొచ్చి చంకెక్కి అరచేత్తో ఆ నోరు మూసేస్తుంది. గంజాంలో ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఫంక్షన్లో అదే జరిగింది. వసుధ చెయ్యి తీసి ఒక మాట అంటుంది, పిల్ల మళ్ళీ మూస్తుంది. జనం మొదట నవ్వారు. తర్వాత, "పాపం, పిల్లనెత్తుకుని ఇంటికెల్లిపోమ్మా," అన్నారు. దిగి వచ్చేసింది. పోనీ ఇంట్లో వదిలి వెళ్దామంటే ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిలిచేవాళ్ళు కూడా మెల్లమెల్లగా తగ్గిపోయారు.

సరిగ్గా అప్పుడు విశాఖపట్నం నుంచి హేమచంద్ర ఫోన్ చేశాడు. ఊరూరా టికెట్టు పెట్టి నవ్వించే పెద్ద బృందం ఆయనది. ఆదివారం బరంపురం తెలుగు సంఘం సమారాధనకి వస్తున్నాడు.

"భోజనాలయ్యాక మీకు పావుగంట ఇస్తానమ్మా. హాలు నవ్విందా, మా బృందంలో చేరిపోతారు. నవ్వలేదా, ఆ చోటు ఇంకొకరికిచ్చేస్తాను. ఉన్నది ఒక్క చోటే," అన్నాడు.

ఫోను పెట్టేసి వసుధ ఆదివారానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇది తప్పితే ఇంక జన్మంతా అప్పడాలేనని ఆమెకి తెలుసు.

కొత్త మాటలు తయారు చేసుకోవాలి. పైకి అనుకుని చూస్తే గాని ఏ మాట పండుతుందో తెలీదు. ఎక్కడ అనుకుంటుంది? బాత్రూంలోకి వెళ్తే పిల్ల తలుపు బాదుతుంది. మేడమీదకి వెళ్తే వెనకే మెట్లెక్కుతుంది, ఎక్కడ పడుతుందోనని ఎత్తుకుని దిగి వచ్చెయ్యాలి. ఆ పిల్ల తల్లి నోటి జోలికి రాని చోటు ఇంటి మొత్తంలో ఒక్కటే, అప్పడాల పీట. అక్కడ ఓ పిండిముద్ద ఇస్తే రెండు చేతులూ దాన్లో ముంచి ఆడుకుంటుంది.

మార్గశిర లక్ష్మివారం, అంటే గురువారం. వాసవీకుమారి ఒత్తే ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని పేరంటానికి వెళ్ళింది. కలిపిన పిండి సాయంత్రం లోపల అయిపోవాలి. వసుధ అటూ ఇటూ చూసి లవంగం ఉమ్మేసింది. ఇవి వేరే గుడ్డమీద ఆరబెడతాను, ఆదివారం అయ్యాక నలిపి పారేస్తాను, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. కర్ర చేత పట్టుకుని మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఐదుగురు ఆడోలం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కలం కూడా నోరిప్పం. మా మావగారు పోయేముందు యమభటులొచ్చి, 'పద, స్వర్గానికెల్దాం,' అన్నారట. 'ఇంతకంటేనా?' అన్నాడట."

అది ఒక అప్పడం.

"ఆంధ్రా ఎల్తే మమ్మల్ని ఒడియావోలంటారు. ఇక్కడేమో తెలుగోలంటారు. మమ్మల్ని సొంత మనుసుల్లాగ సూసేది తుపానొక్కటే. ఏ సముద్రంలో పుట్టినా, ముందు మా ఇంటికొచ్చి గాని ఎక్కడికీ ఎల్దు."

అది ఇంకోటి. సాయంత్రానికి పావుగంట కాదు, అరగంటకి సరిపోయేన్ని అయ్యాయి. చాలా రోజులకి వసుధ తన గొంతు తను విన్నది. ఒళ్ళంతా తేలికైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే వసుధ తడిగుడ్డ వేస్తూ కూచుంది. వాసవీకుమారి మేడమీదకి పరిగెత్తి అప్పడాలన్నీ ఎత్తుకొచ్చింది, ఒకటే బుట్టలో.

"అయ్యో అత్తా, రెండు గుడ్డలవీ కలిపేసినావేటి?"

"వాన పడతంటే నీ గుడ్డేది, నా గుడ్డేది అని సూస్తానేటే? ఏటైంది?"

వసుధ చెప్పింది. వాసవీకుమారి నెత్తిమీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఏది ఏదో ఎలగ తెలుస్తాది? ఏపితే తెలుస్తాది. ఏపినాక మరేటి మిగుల్తాది?"

ఆ బుట్ట అలాగే మూల పెట్టేశారు. ఈలోగా పిల్లకి జ్వరం ముదిరింది. డాక్టరు, మందులు, రెండు రోజులు ఎవరికీ కంటిమీద కునుకు లేదు. బుట్ట సంగతి రాఘవేంద్రకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆదివారానికి జ్వరం దిగింది గాని పిల్ల తల్లి మెడ వదల్లేదు. ఎత్తుకునే హాలుకి వెళ్ళింది వసుధ. పంక్తిలో అత్తగారి పక్కన కూచుని పిల్లకి ముద్దలు పెడుతోంది. అందరూ సాంబారు కలుపుకుంటుండగా వంటింట్లోంచి ఒక ఆడగొంతు గట్టిగా పలికింది.

"మా ఇంట్లో ఐదుగురు ఆడోలం..."

వసుధ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. రాఘవేంద్ర ఎదురు పంక్తిలోంచి మెడ చాచి, సంతోషంగా, "మన అప్పడాలే! ఇయ్యాల నీ ప్రోగ్రాం కదా, బుట్టెడూ నేనే పంపినాను," అన్నాడు.

హాలు గొల్లుమంది. సంఘం ప్రెసిడెంటు నీలకంఠం గారికి పొలమారి నెత్తిమీద తట్టాల్సొచ్చింది. తుపాను మాటకి కుర్రాళ్ళు విస్తళ్ళు వదిలేసి వంటింటి గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. ఇంకోటి వెయ్యి, ఇంకోటి వెయ్యి అని ఒకటే గోల. వాసవీకుమారి తన మీద వేసిన మాటలన్నీ విని, "అబద్దమేటి సెప్పింది, నిజమే కదా," అని మజ్జిగ పోసుకుంది. ఆ నవ్వు కోసం మూడేళ్ళుగా మొహం వాచిపోయి ఉంది వసుధ. అది తీరా వచ్చినప్పుడు ఎంగిలి చేత్తో కింద కూచుని ఉంది.

భోజనాలయ్యాక పేరు పిలిచారు. పిల్ల చంకలో ఉండగానే మైకు అందుకుంది. "మా ఇంట్లో ఐదుగురు..." అనేసరికి ముందు వరసలో పెద్దావిడ, "యమభటులదేనా? తినేసినాం తల్లీ," అంది. తుపాను అనబోతే, "అదీ అయిపోయింది, కొత్తది సెప్పు," అన్నారు వెనక నుంచి. ఎగతాళిగా కాదు పాపం, ప్రేమగానే. కొత్తది ఎక్కడుంది? ఉన్నదంతా బుట్టతో పోయింది. వసుధ నోరు తెరిచింది. పిల్ల అరచేత్తో మూసింది. ఈసారి ఆ చెయ్యి తీసెయ్యాలని ఆమెకి అనిపించలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం ఆగలేదు.

హేమచంద్ర స్టేజి వెనక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదమ్మా. స్టేజి మీద పొయ్యి పెట్టి, మూకుడు పెట్టి, జనం ముందు వేయిస్తాం. మీరు ఒత్తి పంపండి చాలు. ఊళ్ళు తిరగక్కర్లేదు."

"మరి నేను, సార్?"

"మీరు హాయిగా ఇంట్లో పాప దగ్గర ఉండండి. అటు ఉద్యోగం, ఇటు బిడ్డ. ఎంతమందికి దొరుకుతుంది?"

"దేముడు నీ రెండు కోరికలూ ఒక్కసారే తీర్సినాడే," అంది వాసవీకుమారి. రాఘవేంద్ర అందరికీ స్వీట్లు పంచాడు. కాదనడానికి వసుధకి ఒక్క కారణం దొరకలేదు. సరేనంది.

అప్పట్నుంచి ఆమె ఒక్కతే లవంగం లేకుండా కూచుంటుంది. జోకు చెప్పి, నవ్వుకి చోటుగా ఆ అప్పడాన్నే ఇంకాస్తసేపు ఊరికే ఒత్తి, తర్వాతి ఉండ తీసుకుంటుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వకూడదు, నవ్వితే ఆ నవ్వు వాళ్ళ పిండికి పట్టేస్తుంది. తలలు దించుకుని ఒత్తుకుంటారు. పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. గోడకి చెప్పినట్టే ఉంటుంది వసుధకి.

హేమచంద్ర వారానికోసారి ఫోన్ చేస్తాడు. "రాజమండ్రిలో అదరగొట్టారమ్మా."

"ఎక్కడ నవ్వారు సార్? ఏ మాటకి ముందు నవ్వారు?"

"అన్నిటికీ నవ్వారు."

"కాదు సార్, మావగారి దాంట్లో, 'పద' అన్నప్పుడా, ఆఖర్నా?"

"నూనె చప్పుడులో ఎవరు చూశారమ్మా? అన్నట్టు, మధ్యమధ్య ఆ ఖాళీలు తగ్గించండి. అప్పడం మాడిపోతోంది."

ఫోను పెట్టేసి వసుధ పీట ముందు కూచుంది. తర్వాతి ఊరివన్నీ ఎలాగో చెప్పింది. ఆఖరి ఉండ చేతిలో ఉండగా ఏడుపు తన్నుకొచ్చింది. అలా ఒత్తుతూనే అనేసింది.

"మీరు నవ్వుతారో నవ్వరో నాకిక్కడికి వినపడదండీ. మీకు దండం పెడతాను, కాస్త గట్టిగా నవ్వండి."

దాన్ని పక్కన పెట్టే ఓపిక కూడా లేకపోయింది. మిగతావాటితో పాటే ఎండింది, విజయనగరం వెళ్ళింది.

వెళ్ళిన మర్నాడే ఫోనొచ్చింది. "ఏం మాటమ్మా అది! ఆ చివరి దానికి జనం కుర్చీల్లో ఉంటే ఒట్టు. ఒకటే ఈలలు! ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు. ఉన్నది ఒకటే అయిపోయింది. ఇకమీదట ప్రతి ఊరికీ అదే ఆఖరున పెట్టండి."

"అది జోకు కాదు సార్," అంది వసుధ.

హేమచంద్ర పగలబడి నవ్వాడు. ఎన్నో నెలలకి ఆమె చెవిన పడ్డ మొదటి నవ్వు అదే.

మర్నాడు పొద్దున్న అనకాపల్లికి పంపాల్సినవి ఒత్తడానికి కూచుంది. అన్నీ అయ్యాక ఆఖరి ఉండ తీసుకుని ఆ మాట చెప్పింది. గొంతు సరిగ్గా వణకలేదనిపించింది. దాన్ని ముద్ద చేసి పక్కన పడేసి, ఇంకో ఉండ తీసుకుని మళ్ళీ చెప్పింది.