సూది ఎటు తిరిగింది

మా కార్ఖానాలో సాయంత్రం ఇంటికెళ్ళే ముందు అందరూ నన్ను దాటుకునే వెళ్ళాలి. నా చేతిలో ఒక దారం, ఆ దారం కొసన సరిగ్గా మధ్యకి కట్టిన సూది ఉంటాయి. ఒక్కొక్కరి చేతులకి, జేబులకి, చెప్పులకి దగ్గరగా దాన్ని వేలాడదీస్తాను. కదలకపోతే వెళ్ళొచ్చు. గిర్రున తిరిగిందంటే ఒంటిమీద ఎక్కడో అయస్కాంతం బిళ్ల అతుక్కుని ఉన్నట్టే. పదకొండేళ్ళుగా అందరినీ చూసేదాన్ని నేనే. నన్ను చూసేవాళ్ళు మాత్రం లేరు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

చెవిలో పెట్టుకునే బుల్లి స్పీకర్లు చేస్తాం మేము. ఒక్కోదానిలో కందిగింజంత అయస్కాంతం బిళ్ల ఉంటుంది. నియోడిమియం అనే లోహాన్ని ఇనుముతో, బోరాన్‌తో కలిపి దాన్ని తయారుచేస్తారు. మా మేస్త్రి ఒకసారి అసలు లోహం ముక్కని నూనె సీసాలోంచి తీసి చూపించాడు. వెండిలా ధగధగలాడింది. బల్లమీద వదిలేస్తే కొన్నాళ్ళకే నల్లబడి పొట్టు రాల్చింది. "గాలి కూడా పడని సుకుమారి ఇది" అన్నాడు మేస్త్రి. అందుకే మా బిళ్లలకి నికెల్ పూత వేస్తారు. గట్టిగా తగిలితే పగులుతాయి, బాగా వేడెక్కితే బలం పోతుంది. అంత సుకుమారమూ పట్టు దగ్గర మాత్రం ఉండదు. పిట్ట కొంచెం కూత ఘనం. ఫోన్లలో, కార్ల మోటార్లలో, పెద్దపెద్ద గాలిమరల్లో ఉండేది ఈ జాతి అయస్కాంతాలే.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు మేస్త్రి ఒక మాట చెబుతాడు.

"ఒక బిళ్ల మింగితే మామూలుగా బయటికి పోతుంది. రెండు వేర్వేరుగా మింగారో, లోపల ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. మధ్యలో పేగు అడ్డమొచ్చినా ఆగవు. దాన్ని నొక్కి నొక్కి చిల్లు పెడతాయి."

"మేమెందుకు మింగుతాం మేస్త్రీ? తిండి లేకనా?" అన్నాను నేను, చేరిన కొత్తలో. అందరూ నవ్వారు. నా నోటికి ఎప్పుడూ తొందరే.

ఆ శుక్రవారం పని చివర లెక్కపెడితే నా పళ్ళెంలో రెండు బిళ్లలు తగ్గాయి. మా పనిలో ఇది కొత్త కాదు. రెండు బిళ్లలు కరుచుకుంటే ఒకటిలాగే కనబడతాయి, లెక్క తప్పుతుంది. ఎక్కడో జంటకట్టి ఉంటాయిలే అనుకుని సరిపోయాయని చెప్పేశాను. తర్వాత తలుపు దగ్గర నిలబడి సూది పట్టుకున్నాను. ఆ రోజు సూది పిచ్చిపట్టినట్టు ప్రవర్తించింది. ఎవరు ముందుకొచ్చినా తిరిగేది. తిరిగి తిరిగి మొన నావైపే పెట్టేది. దారం మెలిపడిందని విసుక్కున్నాను. సూదిని జేబులో పడేసి, సోమవారం కొత్తది తెస్తానని మేస్త్రికి చెప్పి ఇంటికొచ్చేశాను.

కార్ఖానాలో వేసుకునే నా చొక్కా కుడిచేతి మణికట్టు దగ్గర ప్లాస్టిక్ గుండీ ఊడిపోతే, పోయిన వారం ఇంట్లో ఉన్న ఇనుప నొక్కుడు గుండీ కుట్టుకున్నాను. ఇనుప గుండీలు వద్దని పదిమందికి చెప్పేదాన్ని నేనే. సూది పట్టుకునేది ఆ చేత్తోనే. శుక్రవారం ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించలేదు. ఆదివారం పొద్దున గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఆదివారం పొద్దున మా నాలుగేళ్ళ బుడ్డది పాలు కక్కేసింది. కడుపు పట్టుకుని మూలకి ముడుచుకుంది. అజీర్తేమో అనుకున్నాను.

"నిన్నంతా నీ చొక్కా పట్టుకుని ఆడిందే. గుండీకి ఏవో మెరిసే గింజలున్నాయిట, లాగితే వస్తాయి, వదిలితే టక్కున అంటుకుంటాయి అని ఒకటే సంబరం" అంది మా అత్తయ్య.

నా పైప్రాణాలు పైనే పోయాయి. కొక్కేనికున్న చొక్కా లాగి, మడిచిన చేతిని విప్పాను. గుండీ ఒక్కటే ఉంది.

"ఏం మింగావే? ఎన్ని మింగావు? నిజం చెప్పు!" అని అరిచాను. బుడ్డది బెదిరిపోయి నాయనమ్మ కుచ్చిళ్ళలో తల దాచుకుంది. అక్కణ్ణించి ఒక వేలు చూపించింది.

"ఒకటే అంటోందిగా, ఎందుకలా మీద పడతావు?" అంది అత్తయ్య.

నేను అరవకపోయి ఉంటే ఎన్ని వేళ్ళు చూపించేదో! చొక్కా జేబులోంచి శుక్రవారంనాటి సూది తీశాను. ఖాళీ గదిలో వేలాడదీస్తే కుదురుగా ఒకే దిక్కు చూపిస్తూ నిలబడింది. దారం మెలిపడలేదు. సూదికి ఏ జబ్బూ లేదు. దాన్ని బుడ్డదాని బొడ్డు దగ్గరికి తీసుకెళ్ళాను. బొడ్డు దాటి ఎడమపక్కకి రాగానే ఎవరో పిలిచినట్టు సూది తల తిప్పింది.

పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తాను. వెనకాలే అత్తయ్య. మా ఆయన లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు, ఫోను చెయ్యాలన్న ధ్యాస కూడా రాలేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కుర్ర డాక్టరు దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. బుల్లి ఎముకల మధ్య ఒక్క తెల్లటి చుక్క కనబడింది.

"ఒక్కటే ఉందమ్మా. రెండ్రోజుల్లో అదే పోతుంది. అరటిపండు పెట్టండి, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు.

"చూశావా?" అని అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. నాకూ వెళ్ళిపోవాలనిపించింది, అబద్ధమెందుకు? ఒకటే అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. గుండీ సంగతి, పళ్ళెం సంగతి నా కడుపులోనే ఉండిపోతాయి. పిల్లని ఎత్తుకున్నాను కూడా. నా మెడమీద దాని ఊపిరి వేడిగా తగిలింది.

"పక్కనుంచి ఇంకో ఫొటో తీయండి బాబూ" అన్నాను.

"ఎందుకమ్మా? రెండుంటే రెండు చుక్కలు కనబడవూ?"

"కనబడవండీ. అవి పక్కపక్కన నిలబడవు. ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటాయి. ఎదురుగా చూస్తే ఒకటే అనుకుంటారు. మా దగ్గర రోజూ ఇలాగే లెక్క తప్పుతుంది."

"రెండు మింగిందని మీకెలా తెలుసు?"

అత్తయ్య నావైపు చూసింది.

"నా చేతికి అంటుకొచ్చినవి రెండు. శుక్రవారం నా పళ్ళెంలో తగ్గినవి రెండు. తెలిసీ సరిపోయాయని చెప్పాను. సూది నావైపు తిరిగి చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఇంట్లోకి తెచ్చింది నేనే" అన్నాను. అత్తయ్య నా భుజం మీంచి పిల్లని తన చేతుల్లోకి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

పక్కనుంచి తీసిన ఫొటో వచ్చింది. అందులో ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డ రెండు చిన్న గీతలున్నాయి. మా బల్లమీద రెండు బిళ్లలు కరుచుకుంటే మధ్యలో వెంట్రుక కూడా దూరదు. ఇక్కడ సన్నటి నల్లటి సందు ఉంది. ఆ సందులో ఏముందో డాక్టరు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అతని ముఖం పాలిపోయింది. ఫోను తీసి పెద్ద డాక్టరుని వెంటనే రమ్మన్నాడు.

ఆపరేషన్ గది బయట రెండున్నర గంటలు కూర్చున్నాను. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. మేస్త్రి మాట చెవుల్లో మోగుతూనే ఉంది. ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, ఆగవు. పదకొండేళ్ళు నాకు తిండి పెట్టింది ఆ పట్టే.

పెద్ద డాక్టరు బయటికొచ్చి, "చిల్లు పడబోతుంటే కుట్టేశాం. పిల్ల బాగానే ఉంది. ఇంటికి తీసుకెళ్ళి ఉంటే రేపటికి చెయ్యి దాటిపోయేది" అన్నాడు. చిన్న సీసా నా చేతికిచ్చాడు. అందులో బిళ్లలు రెండూ కరుచుకుని ఒక్కటిగా ఉన్నాయి.

ఆ సీసా తీసుకెళ్ళి మేస్త్రి ముందు పెట్టి అంతా చెప్పాను. పని తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు, సూది పట్టే పని మాత్రం ఇంకొకరికిచ్చాడు. ఇప్పుడు అందరికంటే ముందు నన్నే చూస్తారు. పాత సూదిని అడిగి నా దగ్గరే ఉంచుకున్నాను. రోజూ సాయంత్రం గడప బయటే నిలబడి, ఇంకోసారి నన్ను నేను చూసుకుని లోపలికెళ్తాను. బుడ్డది గడపకి అవతల నిలబడి చూస్తుంది. పొట్టమీద కుట్టు మానింది. ఇదివరకు నా అడుగుల చప్పుడు వింటే చాలు, ఎగిరొచ్చి కాళ్ళకి చుట్టుకునేది.

నిన్న సాయంత్రం కూడా చూసుకున్నాను. మెడ, జేబులు, రెండు చేతులు. ఏమీ లేదు.

"అయిపోయింది, రా తల్లీ" అన్నాను చేతులు చాచి.

అది నా చేతిలోని దారం వైపే చూస్తోంది.

"కదులుతోందమ్మా" అంది.

"బిళ్ల లేదే, నా చెయ్యి వణుకుతోంది, అంతే."

బుడ్డది ఒక అడుగు వెనక్కి వేసింది.