ముక్కు మీద నిలబడే గుండు

కరిగిన సీసం మీద తేలిన మసిని ఆర్విడ్ గరిటెతో తీసి పక్కన పడేశాడు. కొవ్వొత్తి ముక్క ఒకటి వేస్తే భగ్గుమని మండి, కింద సీసం అద్దంలా బయటపడింది. తను పనిచేసే టైర్ల షాపులో, చక్రం సమంగా తిరగడానికి అంచుకి బిగించే సీసపు బరువుముక్కలు, పాతవి పీకినప్పుడు తెచ్చుకున్నవి అవి. జీవితమంతా ఆ షాపులోనే గడిచింది. అక్కణ్ణించి ఇంటికి తెచ్చుకున్నదేమన్నా ఉంటే ఆ సీసమూ, నడుంనొప్పీ.

సీసాన్ని తుపాకీ గుండు అచ్చులో పోసి, అచ్చు తెరిచి, పడిన గుండును గుడ్డ మీద దొర్లించి, చల్లారాక బల్ల మీద తలకిందులుగా నిలబెట్టాడు. నిలబడింది. ఎర్ర కాఫీడబ్బాలో వేశాడు. పోసిన ప్రతి గుండునీ అలా ముక్కు మీద నిలబెట్టి చూడందే డబ్బాలో వేసేవాడు కాదు. ఊళ్ళో వేటగాళ్ళు దానికి నవ్వుకునేవాళ్ళు, గుండ్లు మాత్రం అతని దగ్గరే తీసుకునేవాళ్ళు.

మోంటానా కొండల్లో ఇంటికో లీవర్ తుపాకీ ఉంటుంది, కింది పిడి లాగితే తూటా ఎక్కే రకం. అందులో తూటాలు నళిక కింది గొట్టంలో రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగుకి ఆనుకుంటుంది. ఆ అడుగు మధ్యలోనే ఉంటుంది రాగి టోపీ, పొడిస్తే పేలేది. ముక్కు చదునుగా, వెడల్పుగా ఉంటే భయం లేదు. మొనదేలి ఉంటే మాత్రం, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ మొనే సూదై గుచ్చుతుంది, కాల్చేవాడి ఎడమచేతి కిందే గొట్టం పేలిపోతుంది. గుండ్రటి ముక్కువి కొందరు వాడతారు. ఆర్విడ్ అవి కూడా పోయడు. నిలబడనిది గొట్టంలోకి పోకూడదు, అంతే.

మొనదేలినవి అతని దగ్గర లేకపోలేదు. తన పాత ఒంటితూటా తుపాకీ కోసం గట్టి సీసంతో పోసి, తూటాలుగా కట్టి, నీలం డబ్బాలో పెట్టుకున్నాడు. రెండు రకాల తుపాకులకీ తూటా కొలత ఒకటే. అందుకే రెండు రంగుల డబ్బాలు.

ఎల్క్ దుప్పుల వేట ఆ రోజే మొదలు. సాయంత్రం తనూ కాసేపు కొండవైపు వెళ్ళొద్దామని నీలం డబ్బా అందుకున్నాడు. చేతికి బరువు తగల్లేదు. మూత తీశాడు. ఖాళీ.

వంటింట్లో భార్య సిగ్నే పెనం మీద బంగాళాదుంప రొట్టె తిప్పుతోంది.

"నీలం డబ్బావా? నిన్న ఓర్విల్ పట్టుకెళ్ళాడుగా. నువ్వు ఇస్తానన్నావన్నాడు."

"నేనా?"

"రెండేసి పెట్టుకుంటే ఏం కాదని నువ్వే చెప్పావట. నాకేం తెలుసు, మీ బావాబావమరుదుల సంగతి."

ఆర్విడ్ ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టేశాడు. చెప్పిన మాట నిజమే. ఓర్విల్ సిగ్నే తమ్ముడు, లీవర్ తుపాకీ తప్ప ఇంకోటి ముట్టనివాడు. మొనగుండ్లు ఇమ్మని ఏటా ప్రాణం తీసేవాడు. నీ బండముక్కువి కాస్త దూరం పోయేసరికి బంగాళాదుంపల్లా రాలిపోతున్నాయి బావా అని పదిమందిలో ఎగతాళి చేసేవాడు. ఒకసారి బీరు తాగుతూ, వాడి నస భరించలేక, అంతగా కావాలంటే ఒకటి నళిక మొదట్లో తూటా పేలే గదిలో, ఒకటి గొట్టంలో పెట్టుకో, రెండైతే గుచ్చుకోడానికి ముందు ఏమీ ఉండదు అన్నాడు. అది తప్పు కూడా కాదు. కానీ వద్దు అనాల్సిన చోట రెండు అన్నాడు. ఆర్విడ్ ఎవరికీ వద్దు అని చెప్పిన మనిషి కాదు. షాపులో సెలవు రోజు రమ్మన్నా వెళ్ళాడు, మామగారి పాత ఇల్లు కొనుక్కోమంటే కొన్నాడు, చర్చిలో కుర్చీలు మోయమంటే మోశాడు. ఆ మెతకతనమంతా ఇప్పుడు ఓర్విల్ తుపాకీ గొట్టంలో చేరి కూర్చుంది.

దుప్పుల మంద కనబడితే ఓర్విల్‌కి ఒళ్ళు తెలియదు. రెండుతో ఆగే రకం కాదు వాడు.

"తినేసి వెళ్ళు," అంది సిగ్నే.

"వచ్చి తింటా," అని, ఎర్ర డబ్బా గుండ్లతో ముందే కట్టి ఉంచిన తూటాలు గుప్పెడు కోటుజేబులో వేసుకున్నాడు. వాటితోపాటు బల్ల మీది గుండొకటి కూడా చేతికొచ్చింది.

ఫోన్ చేసి షాపుకి రానన్నాడు. మంచుటైర్ల కోసం కార్లు బారులు తీరే రోజు. యజమాని నమ్మలేక మళ్ళీ అడిగాడు. రాను, అన్నాడు ఆర్విడ్, ఫోన్ పెట్టేశాడు.

ఓర్విల్ మకాం కొండ పైన, ఫోన్లు అందని చోట. లోయరోడ్డు మీద మంచు కరిగి బురదయ్యింది. ట్రక్కు కిటికీ దించుకుని నడుపుతున్నాడు, చలికి చెవులు తెగిపోతున్నా సరే. కొండల్లో ఎక్కడో తుపాకీ పేలింది. ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి రెండోది. మామూలు మోతే. ప్రతి మోతకీ అది ఎలా ముగుస్తుందో వినాలి. ఒక మోత మీద ఇంకోటి ఎక్కి, బాంబులా పగిలితే, ఇక వెళ్ళి చేసేదేమీ ఉండదు. ఎడమచేయి తెల్లవారినప్పటి నుంచి తిమ్మిరిగా ఉంది. నిన్న పెద్ద ట్రక్కు టైర్లు ఎత్తాను కదా అనుకున్నాడు. ఇప్పుడా తిమ్మిరి భుజం దాటి దవడకి పాకింది. ఒకచోట ఆపి కళ్ళు మూసుకుందామా అనిపించింది. మళ్ళీ మోత వినబడింది. ఆపలేదు.

గుడారం ముందు ఓర్విల్ నిప్పు రాజేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ ఉన్నాయి. ఆర్విడ్ ముందు చూసింది వాటినే.

"ఏంటి బావా, మీ షాపు గానీ కాలిపోయిందా?" అన్నాడు ఓర్విల్. పొద్దున్నే మంద కనబడిందనీ, రెండు కాల్చాననీ, రెండూ తప్పాయనీ, కానీ గుండు మాత్రం గీత గీసినట్టు పోయిందనీ ఏకధాటిగా చెప్పుకుపోయాడు.

"తుపాకీ ఇలా ఇవ్వు."

"రెండే పెట్టా బావా. నువ్వు చెప్పినట్టే."

ఆర్విడ్ తుపాకీ అందుకున్నాడు. దాని మూతి కిందికి వాలింది. రెండు తూటాల బరువు కాదది, గొట్టంలో వరసగా ఇంకా చాలా ఉన్నాయి. ఓర్విల్‌ని ట్రక్కు అవతలికి పొమ్మన్నాడు. వాడు నవ్వబోయి, బావ మొహం చూసి, అవతలికి నడిచాడు.

దుప్పటి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మూతిని ఖాళీ కొండవైపు పెట్టి, లీవర్ మెల్లగా కిందికి లాగాడు. ఒక తూటా దుప్పటి మీద పడింది. మళ్ళీ లాగాడు. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. లీవర్ ఒట్టిగా ఆడేదాకా లాగాడు. తర్వాత గదిలో వేలు పెట్టి చూశాడు.

"రా," అని పిలిచాడు.

ఓర్విల్ వచ్చి పోగు చూసి తల వంచుకున్నాడు. మంద చూసేసరికి గొట్టం నింపకుండా చెయ్యి ఆగలేదని గొణిగాడు.

"రెండని చెప్పడం నాదే తప్పురా," అన్నాడు ఆర్విడ్. "ఇప్పుడు చెబుతున్నా, విను. ఇవి వద్దు. ఒకటి కూడా వద్దు."

జేబులోంచి చదునుముక్కు తూటాలు తీసి వాడి చేతిలో పోశాడు. వాటితో వచ్చిన ఒట్టి గుండును పక్కనున్న చెట్టుమొద్దు మీద తలకిందులుగా నిలబెట్టాడు. ఎడమచేయి లేవక ఒంటిచేత్తో పెట్టబోతే రెండుసార్లు పడింది. మూడోసారికి నిలిచింది.

"ఇలా నిలబడితేనే పెట్టు. కాఫీ ఉందా?"

ఓర్విల్ నిప్పు దగ్గరికి వెళ్ళి కప్పు నింపాడు. చక్కెర వెయ్యనా అని అడిగాడు. జవాబు లేదు. తిరిగి చూస్తే ఆర్విడ్ మొద్దుకి వీపు ఆనించి, గడ్డం గుండెల మీదికి వాల్చి, పని ముగించుకుని కునుకు తీసేవాడిలా ఉన్నాడు. ఓర్విల్ భుజం పట్టి కుదిపాడు. బావా, బావా అని చాలాసేపు పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

బావని ట్రక్కులోకి ఎత్తడానికి దుప్పటి కావలసి వచ్చింది. ఏడుస్తూనే ఓర్విల్ దాని మీది తూటాలు ఒక్కొక్కటే ఏరాడు. ఒకదాని అడుగు ఎండకి తిరిగినప్పుడు చెయ్యి ఆగిపోయింది. రాగి టోపీ నడిమధ్య, వెనకదాని మొన పొడిచిన సన్నటి గుంట మెరుస్తోంది. ఇంకోదాన్ని తిప్పాడు. దానికీ ఉంది. మూడో తూటా కాల్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎడమచేతిని కోటులో దాచుకుని అక్కడే కూలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక ట్రక్కు లోయలోకి దిగింది. కొండగాలికి గుడారం టపటపలాడింది, పోసిన కాఫీ కప్పు ఒరిగి మంచులో ఒలికింది. చెట్టుమొద్దు మీద ఆ బండముక్కు సీసపు గుండు తలకిందులుగా అలాగే నిలబడి ఉంది.