రెండు చుట్ల నట్టు

ఎమ్లిన్ ఆ కారును తన షెడ్డులో ఆరేళ్లు కష్టపడి తయారుచేశాడు. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలకు ఒక పాత కారు ఇంజను కలిపి చేసిన రెండు సీట్ల బండి అది. ఆకుపచ్చ రంగు వాడి భార్య నెస్టా ఎంచింది. మే నెలలో తనిఖీ అయి నంబరు వచ్చింది.

ఆ తరవాత వాడు ముచ్చటపడి వెనక్కి వెడల్పు చక్రాలు కొన్నాడు. అవి ఆ బండికి మరీ లోపలికి కూర్చున్నాయి. మలుపు తిప్పితే టైరు అంచు లోపలి ఇనుప కడ్డీకి ఒరుసుకునేది. అందుకని స్పేసర్లు తెచ్చాడు. చక్రానికీ, దాన్ని బిగించే హబ్బుకీ నడుమ పెట్టే అల్యూమినియం బిళ్లలు అవి. నేను ముప్ఫై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసినవాణ్ణి, వాడి పక్కింటి ఇద్వాల్‌ని. అయినా నన్నడగలేదు. తనే పెట్టి బిగించేశాడు. చక్రాలు అంగుళం బయటికొచ్చాయి. చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

జూన్‌లో ఒక శనివారం ఇద్దరూ మా ఊరు లానిడ్లోస్ నుంచి కొండదారిన మహంతలెత్ సంతకొచ్చారు. నేను ముందే వ్యాను వేసుకుని వెళ్లి, టీ తాగుతూ వాళ్లకోసం చూస్తున్నాను. నెస్టా దిగి తలకు కట్టిన స్కార్ఫు విప్పుకుంటూ, దారంతా వెనకనుంచి టిక్కు టిక్కుమంటోందని నాతో చెప్పింది. ఆవిడకి ఇంట్లో ఫ్రిజ్జు కూడా అలాగే వినిపిస్తుందని ఎమ్లిన్ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "బిళ్లలు పెట్టాక పొడుగు బోల్టులు వేశావా?" అన్నాను.

"ఎందుకురా? నట్లు గట్టిగా బిగుసుకున్నాయిగా."

వ్యానులోంచి జాకీ తెచ్చి వెనక చక్రం ఎత్తాను. మూతి మూసి ఉండే మెరిసే నట్లు అవి, లోపల ఎంత పట్టిందో బయటికి తెలీదు. మొదటిది రెండు చుట్లకే ఊడి చేతిలో పడింది. బోల్టు పొడుగంతా బిళ్ల మందానికే సరిపోయి, నట్టుకి పట్టింది ఆ రెండు చుట్లే. రెండోదీ అంతే. మూడోదానికి స్పానరే అక్కర్లేకపోయింది, వేళ్లతో వచ్చేసింది. చివరిదైన నాలుగోదాంట్లో అరిగిపోయిన మర వెండి తీగలా చుట్టుకుని ఉంది.

ఎమ్లిన్ అక్కడే నేలమీద కూలబడ్డాడు. వాళ్లు వచ్చిన కొండదారిలో ఒకవైపు లోయ. పిట్టగోడ కూడా ఉండదు.

నెస్టా ఒక నట్టు తీసుకుని లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"కొండ మీదే చెప్పాను నీకు," అంది ఎమ్లిన్‌తో. "రెండుసార్లు చెప్పాను."

గొంతు పెంచలేదు. ఆవిడ నట్టు నా చేతిలో పెట్టి, సంచి తీసుకుని బస్సు స్టాండు వైపు నడిచింది. బండిని మేం ట్రెయిలరు మీద ఇంటికి చేర్చాం. దారిలో వాడు మాట్లాడింది ఒక్కటే: "నేను నవ్వాను, ఇద్వాల్."

మూడు వారాలు వాడు షెడ్డు తలుపు తెరవలేదు. తరవాత ఒక పొద్దున తనే వచ్చి నన్ను సాయం అడిగాడు. హబ్బుకి విడిగా వేరే నట్లతో బిగించే కొత్త బిళ్లలు లేతు మీద చేసిచ్చాను; చక్రం ఆ బిళ్లలకే ఉన్న బోల్టులకు ఎక్కుతుంది. ఇప్పుడు రెండు వెనక చక్రాల ఎనిమిది నట్లూ పదేసి చుట్లు పడతాయి. కారు నడుస్తోంది. వాడొక్కడే తిరుగుతాడు, కొండదారి జోలికి పోడు. నెస్టాను రమ్మని అడిగే ధైర్యం వాడికి లేదు.

పోయిన ఆదివారం మేం షెడ్డులో ఉండగా ఆవిడ వచ్చింది. స్పానరు తీసుకుని ఒక నట్టు పూర్తిగా విప్పి, చుట్లు లెక్కబెడుతూ మళ్లీ ఎక్కించింది.

"పది," అంది. "మిగతా ఏడూ రేపు బయల్దేరేముందు చూస్తాను."