ఈ నెల పిన్నికి నచ్చినవి

ఆ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఏ రోజు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, లిఫ్ట్ పక్క గోడ మీద నెలాఖరు ఆదివారం పొద్దున ఒక కాగితం మాత్రం తప్పకుండా ఉండేది. తొమ్మిదేళ్ల ఆనవాయితీ అది. పైన "ఈ నెల నాకు నచ్చినవి" అని, కింద మూడంటే మూడు: ఒక పుస్తకం, ఒక సినిమా, ఒక వంట. రాసేది రెండో అంతస్తు పిన్ని. ఎవరికి పిన్ని అంటే అందరికీ పిన్నే. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు, ఆవిడా పలికేది.

ఆ కాగితంలో ఊరికే పొగడ్తలుంటాయనుకుంటే పొరపాటు. నచ్చినదాని గురించి రాస్తూనే దాని లోటు ఒకటి చెప్పకపోతే పిన్నికి అన్నం సహించదు. "మొదటి యాభై పేజీలు పళ్ల బిగువున చదవండి, ఆ తర్వాత అదే లాక్కుపోతుంది." "సినిమా బాగుంది, హీరో బాగోలేడు, ఏం చేస్తాం." "ఉల్లిపాయల్ని సన్నమంట మీద నలభై నిమిషాలు వేయించి, పైన గుడ్లు కొట్టి మూత పెట్టండి. నలభై అంటే నలభై. ఇరవైకే దించేసి నన్ను తిట్టకండి." జనం లిఫ్ట్ కోసం నిలబడి చదువుకుని, నవ్వుకుని, లిఫ్ట్ రాకపోతే మెట్లెక్కి పోయేవాళ్లు. ఎందుకమ్మా ప్రతిదానికీ వంక పెడతావు అంటే, "నచ్చింది కదా అని కళ్లు మూసుకుంటామా?" అనేది.

ఆవిడ భర్త కట్టుడు పళ్లు చేస్తాడు. ఇంటి ముందుగదిలోనే ఒక బల్ల, దాని మీద మైనం, ప్లాస్టర్ అచ్చులు, ఒక స్పిరిట్ దీపం. ఆ చుట్టుపక్కల సగం మంది నోళ్లలో ఆయన చేతిపని ఉంది, ఆయన నోట్లో మాత్రం నాలుక లేదు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో మాటలన్నీ ఆవిడవే, ఊఁ కొట్టడం ఆయన వంతు. ఆవిడ మెచ్చిన పుస్తకం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. సినిమా మొదలైన పావుగంటకి గుర్రు పెట్టేవాడు. వంటలు మాత్రం ఒక్కటీ వదలకుండా తిన్నాడు.

అలాంటి ఇంట్లో, రెండు నెలల కిందట, పొయ్యి ముందు నిలబడి ఉండగానే పిన్నికి పక్షవాతం వచ్చింది. కాలు నెమ్మదిగా దారికొచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాటే రాలేదు. "అది... అది..." అంటుంది, ఆ తర్వాత ఏదీ దొరక్క ఆగిపోతుంది. ఏది అడిగినా తల ఊపుతుంది. బతికి బయటపడిందని అందరూ సంతోషించారు, ఆయనా సంతోషించాడు. కానీ పొద్దున లేచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ దెబ్బలాడకపోతే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

వారానికి రెండుసార్లు వచ్చే మాటల డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. "మాట పోయినవాళ్లకి ఒక్కోసారి చదువు మిగులుతుందండీ, ఒక్కోసారి అదీ పోతుంది. చూడాలి." ఈయన చెవులు మొదటి సగం దగ్గరే మూసుకున్నాయి. మర్నాడే లైబ్రరీకి పరిగెత్తి, అప్పుడే వచ్చిన నవల ఒకటి, ఎవరూ తెరవనిది, ఇంకా జిగురు వాసన వస్తున్నది, తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. వంతెన కట్టే ఇంజినీరు కథట. పిన్ని కాసేపు అట్ట చూసింది, కాసేపు ఆయన్ని చూసింది. తర్వాత ఎడమచేత్తో తెరిచింది.

అంతే, ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో, ఆయన ఎదురుగా బల్ల దగ్గర. మైనం కరిగిస్తూ ఆయన ఒక కన్ను అటే వేసి ఉంచేవాడు. పేజీ తిరిగిన చప్పుడు వినపడగానే ప్రాణం లేచొచ్చేది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు. గుర్తుగా పెట్టిన రిబ్బను రోజురోజుకీ ముందుకి జరిగేది. మెట్ల మీద ఎవరు కనపడినా చెప్పేవాడు, అడగనివాళ్లకి కూడా: "మాట రాకపోతేనేం, చదువు చెక్కుచెదరలేదు!" ఇన్ని మాటలు ఆయన దగ్గర ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

మాటల డాక్టరమ్మ అక్షరాల అట్టలు బయటికి తీయబోతే కూడా ఆపేశాడు. "అవి చిన్నపిల్లలకి పెట్టేవి కదండీ. మా ఆవిడ నవల చదువుతోంది. రోజుకి పది పేజీలు."

"నిజంగానా? అర్థమవుతోందా, అమ్మా?" అని డాక్టరమ్మ ఆవిడని అడిగింది.

పిన్ని తల ఊపింది.

"అయితే మంచిదే. ఆ టైమంతా మాట మీదే పెడదాం. మొదటి నెలల్లో ఎంత చేస్తే అంత," అని అట్టలు సంచిలో పెట్టేసుకుంది డాక్టరమ్మ.

కిందటి నెల గోడ ఖాళీగా ఉండిపోయింది. ఈ నెల ఉండకూడదని ఆయన పంతం. శనివారం మధ్యాహ్నం కాగితం, పెన్నూ తీసుకుని ఆవిడ ఎదుట కూర్చున్నాడు. "ఇదిగో, నువ్వు చెప్పు, నేను రాస్తా. సినిమా ఏది? మొన్న చూశామే, పడవలు బాగుచేసే ముసలాయనది, అదేనా?"

తల ఊపింది.

"బాగుందా?"

ఊపింది.

"లోటు?"

"అది..." అంది. కిటికీ వైపు చూసింది.

ఈసారి తాను నిద్రపోయింది సినిమా చివర్లో కాబట్టి "చివర్లో కాస్త సాగింది" అని ఆయనే రాసుకున్నాడు. వంట కింద తాను చేసిన గుమ్మడికాయ సూప్ రాశాడు. ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపింది కదా. లోటు కింద "గిన్నె మాడింది" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. చదివినది ఆవిడ, లోటు ఆయనకెలా తెలుస్తుంది? చివరికి ఇలా రాశాడు: "ఇందులో లోటేమీ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క పేజీ వదలకుండా చదివాను." కాగితం ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసి, తల ఊపింది.

ఆదివారం పొద్దున గోడ ముందు జాతరే. "పిన్ని వచ్చేసింది!" అని ఒకరు, "చేతిరాత మారిందే" అని ఇంకొకరు, "కుడిచెయ్యి కదా పాపం, ఎడమచేత్తో రాసి ఉంటుంది" అని మరొకరు. ఈయన పక్కనే నిలబడి ఔననలేదు, కాదనలేదు. కాదంటే ఆ ముఖాలన్నీ వాడిపోతాయి. మూడో అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ అయితే ఏకంగా పైకొచ్చి, పిన్నిని వాటేసుకుని, కళ్లొత్తుకుని, నవల పట్టుకుపోయింది. "పిన్ని లోటు లేదన్నదంటే ఇంక చూసుకో బాబాయ్, ఇవాళ మిషను ముట్టను!"

సాయంత్రం నాలుగింటికే తిరిగొచ్చింది. తలుపు ఆయనే తీశాడు. ఆవిడ గుమ్మంలోనే నవ్వుతూ పుస్తకం తెరిచి చూపించింది. "ఇది చూడు బాబాయ్! లోటు లేదట! పిన్నికి జాలెక్కువైంది ఈ మధ్య."

ఆయన చూశాడు. నూట పన్నెండో పేజీ దాకా అంతా సవ్యంగానే ఉంది. అక్కడి నుంచి పదహారు పేజీలు తలకిందులుగా కుట్టేశారు. అక్షరాలన్నీ కాళ్లు పైకి పెట్టి ఉన్నాయి. పదహారు పేజీల తర్వాత మళ్లీ మామూలే.

"పుస్తకాన్ని తిప్పి పట్టుకుని చదవాల్సొచ్చింది, మెడ పట్టేసింది," అంది టైలరమ్మ. "మామూలుగా అయితే పిన్ని ఆ బైండింగ్ చేసినవాణ్ణి దులిపేసేది. సరేలే, కథ బాగుంది. రేపు ఇచ్చేస్తానని చెప్పు." పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కిపోయింది.

ఆయన తలుపు వేసి అక్కడే నిలబడ్డాడు. ఆవిడ ఆ పుస్తకాన్ని తిప్పి పట్టుకోవడం ఆయన చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. రోజూ ఎదురుగానే ఉన్నాడు, అట్ట మీద వంతెన బొమ్మ ఎప్పుడూ నిటారుగానే ఉంది. తాను ఏ మంచినీళ్లకో లేచినప్పుడు తిప్పి ఉంటుందేమో. పదహారు పేజీలకి ఎన్ని మంచినీళ్లు తాగి ఉంటాడు? ఆ లెక్క ఆయన చేయదలచుకోలేదు.

పిన్ని కిటికీ దగ్గర కొత్త పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది. వారం కిందట తెచ్చిన కథల పుస్తకం.

చేయబోయేది తప్పని ఆయనకి తెలుసు. అయినా దగ్గరికెళ్లి, "అట్ట మీద దుమ్ముంది, ఇలా ఇవ్వు," అని తీసుకుని, చొక్కా అంచుతో తుడిచినట్టు తుడిచి, రిబ్బను దగ్గర తెరిచి, తలకిందులుగా ఆవిడ చేతుల్లో పెట్టాడు. పెట్టి, బల్ల దగ్గరికి వెళ్లి, ఏదో ఒక అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పుకో, తిప్పుకో, దులిపెయ్, దెబ్బలాడు అని లోపల్లోపల మొత్తుకున్నాడు.

పిన్ని పేజీ వైపు చూసింది. కళ్లు ఇటు నుంచి అటు, మళ్లీ ఇటు నుంచి అటు, నెమ్మదిగా వరస వరసగా కదిలాయి. కాసేపటికి ఎడమచేత్తో పేజీ తిప్పింది. చప్పుడైంది. చప్పుడవగానే తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది, ఆయన సంతోషంగా ఉన్నాడో లేదో అని.

ఆయన నవ్వాడు. ఎలా నవ్వగలిగాడో ఆయనకే తెలీదు. ఆవిడ ముఖం తేలికపడింది, మళ్లీ పుస్తకంలోకి వంగింది. రోజుకి రెండు గంటలు. ఇన్ని రోజులు. తన కోసం. అక్షరాల అట్టలు తానే సంచిలోకి పంపించేశాడు, తానే. డాక్టరమ్మ రావడం ఎల్లుండి. ఫోన్ చేసి ఏమని చెప్పాలి? చెబితే పిన్ని వినదా, పక్క గదిలోనే ఉంటుంది కదా, చెవులు బాగానే ఉన్నాయి.

లేచి వెళ్లి ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. పుస్తకాన్ని ఆవిడ చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, నిటారుగా తిప్పాడు. ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది. తెలిసిందో, తెలియలేదో. ఆ చూపులో ఏముందో ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత కూడా ఆయన చదవలేకపోయాడు. గొంతు సవరించుకుని, బడిలో నిలబెట్టినవాడిలా, పైకి చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు చదివాడు. ఒకచోట తడబడ్డాడు, మళ్లీ చదివాడు. ఆగి, తలెత్తాడు.

"అర్థమవుతోందా?" అని అడిగాడు.

పిన్ని తల ఊపింది.