పన్నెండు శుక్రవారాల వంట

గురువారం మధ్యాహ్నం రెండయ్యేసరికి కృప మూడో కేజీ ఉల్లిపాయల్లో ఉంది. ఇంకో ఏడు కేజీలు సంచిలోనే ఉన్నాయి. ఎందుకన్ని అంటారా? బహ్రెయిన్‌లో ఆదివారం డ్యూటీ కాబట్టి మనవాళ్ళు ఆరాధన శుక్రవారం పెట్టుకుంటారు. ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని తినే ప్రేమ విందుకి తొంభై మందికి బిర్యానీ కావాలి. ఆ బిర్యానీ రిఫాలోని ఈ రెండు గదుల ఫ్లాట్లో, ఈ ఒక్క మనిషి చేతుల మీదుగా, పదకొండేళ్ళుగా వారం తప్పకుండా తయారవుతోంది. తిన్నాక పాస్టరుగారు మైకు పట్టుకుని, "ఈ పూట విందు ఏర్పాటు చేసిన బ్రదర్ ఎలియేజరుగారిని దేవుడు దీవించును గాక" అంటారు. ఎలియేజరుగారు చేతులు జోడించి వినయంగా తల వంచుతారు. చెప్పొద్దూ, ఆయనకి ఉల్లిపాయ ఏ వైపు నుంచి కొయ్యాలో కూడా తెలీదు.

"కృపా! రేపు కోతల పండగ. అన్నం పొడిపొడిగా రావాలి. పోయినసారి ముద్దయిందని మణిగారు నలుగురిలో అన్నారు. నా పరువు పోయింది" అని హాల్లోంచి కేకేశాడు ఆ ఎలియేజరుగారే, కృప మొగుడు.

పరువు ఆయనది, ముద్దయిన అన్నం మాత్రం ఆవిడది. కత్తిపీట మీద కృప చెయ్యి ఆగలేదు గానీ, మనసు ఇక్కడ లేదు, హమద్ టౌన్‌లో మర్యం టీచరుగారి వీధికుక్కల దొడ్లో ఉంది. ఇరవై కుక్కలకి కట్టిన ఆ దొడ్లో ఇప్పుడు నలభై ఉన్నాయి. సల్మాబాద్‌లో షెడ్లు పడగొట్టేస్తుంటే అక్కడ పడి ఉండే మరో ఇరవై రెండు, పిల్లల తల్లులూ కాళ్ళు విరిగినవీ, ఎక్కడికి పోవాలో తెలీక లారీల కింద దూరుతున్నాయి. పక్కనే గోడ కట్టిన ఖాళీ స్థలం ఉంది. స్థలం ఆసామి అద్దెకిస్తానన్నాడు. కానీ నెలాఖరులోపు అడ్వాన్సు ఇవ్వకపోతే పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. నెలాఖరు బుధవారం. మర్యం దగ్గర కూడింది కంచెకి సరిపోతుంది, అద్దెకి మూడొందల దినార్లు తక్కువ. బుధవారం దాటితే ఆ ఇరవై రెండూ రోడ్డు పాలే.

కుక్కలంటే కృపకి పుట్టుకతో వచ్చిన ప్రేమేం కాదు. రాజోలులో ఉన్నన్నాళ్ళూ వీధికుక్కని చూస్తే రాయి తీసిన మనిషే. రెండేళ్ళ కిందట విందు అయ్యాక, ఆడవాళ్ళందరూ అలిసిపోయి కూర్చుంటే, తనొక్కతీ ఎముకల బస్తా మోసుకుని హాలు వెనక చెత్తడబ్బా దగ్గరికి వెళ్ళింది. అక్కడ మెడకి ఇనపతీగ బిగుసుకుపోయి, పుండై, తిండి కళ్ళ ముందున్నా మింగలేక నిలబడి ఉందొక ఆడకుక్క. దాన్ని పట్టడానికి వచ్చిన మర్యం, ఈ ఊరి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దావిడ, "కొంచెం పట్టుకుంటావా?" అని హిందీలో అడిగింది. పట్టుకుంది. అంతే. ఆ కుక్కకి పులస అని పేరు పెట్టింది కృప, గోదారి చేప పేరు. అరబ్బీలో 'ప' లేదుగా, మర్యం దాన్ని బులసా అని పిలుస్తుంది, అదీ తోకూపుకుంటూ వెళ్తుంది. అప్పటినుంచి ఆదివారం, మంగళవారం మర్యం తన పాత పికప్‌లో వచ్చి తీసుకెళ్తుంది. కడగడం, మందు రాయడం, కోడిమెడలు వేసి అన్నం ఉడకబెట్టడం. పని అదే. పదకొండేళ్ళుగా చేస్తున్న పనే. కాకపోతే అక్కడ, ఎంత చేసినా ఉప్పు తక్కువైందనేవాళ్ళు లేరు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మర్యం రెండు చేతులూ పట్టుకుని "ఈ రోజు నువ్వు రాకపోతే నా వల్ల అయ్యేది కాదు" అంటుంది. ఈ ఒక్క మాట కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూశానా అని మొదటిరోజు పికప్‌లో కూర్చుని ఏడ్చింది కృప. సిగ్గుపడలేదు కూడా.

ఇంట్లో మాత్రం దుమారమే. "ప్రేమ విందు గుండిగలో కుక్కలకి వండుతోందటరా నీ పెళ్ళాం?" అని వీడియో కాల్‌లో అత్తగారు. దొడ్లో గుండిగ వేరు తల్లీ అని చెప్పినా వినిపించుకోదు. "కూతురు హాస్టలుకి పోయాక తోచట్లేదు పాపం" అని ఆరాధనకొచ్చే ఫెలోషిప్ ఆడవాళ్ళు. అవన్నీ దులిపేసుకుంది. దులుపుకోలేనిది పోయిన వారం పెద్దల మీటింగులో జరిగింది. పండగరోజు హాలు మూల చిన్న బల్ల వేసుకుంటాను, షెల్టరుకి చందా డబ్బా పెట్టుకుంటాను అని అడిగింది కృప. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు ఎత్తకూడదని ఆవిడకి తెలుసు. మర్యం తెచ్చుకున్న అనుమతి కాగితం, రసీదు పుస్తకం వెంట తీసుకెళ్ళింది. ఆ కాగితం ఎవరూ విప్పి చూడలేదు. ముందుగా నవ్వింది కట్టుకున్నవాడే.

"కుక్కలకా? ముందు మనుషుల సంగతి చూడమనండి. లేబర్ క్యాంపుల్లో మన కుర్రాళ్ళు ఎన్ని అవస్థలు పడుతున్నారు!"

ఆ కుర్రాళ్ళలో ఒకడికి కామెర్లొస్తే నలభై రోజులు పథ్యం వండి, డబ్బాలు కట్టి పంపిందెవరు? ఆయనా? అప్పుడూ మైకులో ఆయన పేరే. అందరూ నవ్వి లేచిపోయారు. కారెక్కాక అసలు మాట వచ్చింది. "పైసా సంపాదన లేనిదానివి, పదిమందిలో డబ్బు అడగడానికి నువ్వెవరివి? నా వీసా మీద ఉన్నావు, గుర్తుపెట్టుకో. ఒక్క సంతకం పెట్టానంటే రాజోల్లో ఉంటావ్."

అందరి కఫీలూ, అదే వీసా ఇచ్చే యజమాని, ఆఫీసులో ఉంటాడు, నా కఫీలు నా పక్కనే పడుకుంటాడు అనుకుంది కృప. ఆయన మాటకి వారం నుంచీ అన్నం సహించట్లేదు. సంపాదన లేదు, నిజమే. మరి ఈ ఉల్లిపాయలేంటి? ఈ తొంభై మంది ఆకలేంటి? హోటలువాడైతే లెక్క కట్టి తీసుకోడూ? పోయినేడు పండగ వేలంలో తను పెట్టిన ఆవకాయ సీసాని ఆయనే పోటీపడి ఇరవై దినార్లకి పాడుకున్నాడు. హాలంతా చప్పట్లు. ఇంటికొచ్చి ఆ ఆవకాయే వడ్డించమని కంచం ముందు కూర్చున్నాడు. ఇరవై దినార్లు తన చేతి పనికి వచ్చాయని గానీ, చప్పట్లు తనకి రావాలని గానీ ఆ రోజు తట్టనేలేదు. ఇవాళ ఉల్లిపాయ కోస్తుంటే తట్టింది. కళ్ళ నీళ్ళు ఉల్లిపాయవే, నవ్వు మాత్రం ఆవిడది.

శుక్రవారం బిర్యానీ పొడిపొడిగానే వచ్చింది. గుండిగలు హాలు వెనక దింపించి, పెద్ద గరిటె శుభ్రంగా తుడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది కృప.

ఇసకలో కోతలేంటని నవ్వకండి. మనవాళ్ళు ఎక్కడున్నా పండగ మానరు. కుండీలో కాసిన సొరకాయ, సూట్‌కేసులో వచ్చిన పూతరేకులు, కరివేపాకు మొక్క, ఎవరికి తోచింది వాళ్ళు ముందున్న బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. బల్లెక్కిన వస్తువు దేవుడికిచ్చినట్టే, వెనక్కి తియ్యకూడదు, ఎవరో ఒకరు పాడాల్సిందే. ఇచ్చినవాళ్ళు డబ్బు ఫలానా అవసరానికి అని చెప్పుకోవచ్చు. అమ్మిరాజుగారు, సల్మాబాద్ గ్యారేజీలో ఫోర్‌మన్, ఒకసారి తన వాచీ పెట్టి ఆస్పత్రిలో ఉన్న మేస్త్రీకని చెప్పాడు. పాట పెట్టేదీ ఆయనే. వస్తువు చేతికొస్తే ఒళ్ళు మరిచిపోతాడు.

సొరకాయ పన్నెండు దినార్లకి పోయింది. తర్వాత ఆయన చేతికి గరిటె తగిలింది. "సిస్టరూ, గరిటె పొరపాటున ఇక్కడ పెట్టేశారు!"

"పొరపాటు కాదన్నయ్యగారూ." కృప లేచి నిలబడింది. "ఇవాళ్టి భోజనం ఎప్పట్లాగే ఊరికే. వచ్చే వారం నుంచి పన్నెండు శుక్రవారాల నా వంట పాటకి పెడుతున్నాను. సరుకులు ఫెలోషిప్పువి, పని నాది. పాడుకున్నవాళ్ళ పేరు మైకులో చెప్పుకోండి. డబ్బు నా చేతికొద్దు. హమద్ టౌన్ కుక్కల షెల్టరులోనే కట్టి రసీదు తెచ్చుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ వంట కావాలంటే మళ్ళీ పాటే."

మొదటి వరసలోంచి ఎలియేజరు పళ్ళు బిగబట్టి, "ముందు ఆ గరిటె తియ్యి" అన్నాడు.

"బల్లెక్కింది వెనక్కి తియ్యకూడదని పోయినేడు మీరేగా చెప్పారండీ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు బల్ల వంక, గరిటె వంక, ఎలియేజరు వంక చూసి గొంతు సవరించుకున్నారు. "పెట్టాక పాడాల్సిందేనండీ" అన్నారు.

అమ్మిరాజుకి అంతకన్నా ఏం కావాలి! గరిటె పైకెత్తాడు. "కృప సిస్టరు వంట! పన్నెండు శుక్రవారాలు! రండి, పాడండి!"

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి "అయిదు దినార్లు" అని వినిపించింది. సాయికుమారి. ఇళ్ళల్లో పనిచేస్తుంది, నెలకి రెండు శుక్రవారాలే సెలవు. పదకొండేళ్ళలో ఆడవాళ్ళెవరూ ఆ వేలంలో పాట పాడలేదు. కొందరు నవ్వారు. "నవ్వుతారేం? వారమంతా నేను వండి పెట్టాలి, నాకు ఎవరైనా వండి పెట్టేది ఇక్కడే. అయిదు" అంది మళ్ళీ, గట్టిగా. ఆ ఒక్క మాటకే కృపకి ఊరికే వండి పెట్టేద్దామనిపించింది ఒక్క క్షణం. తమాయించుకుంది. ఊరికే వండబట్టేగా సంగతి ఇంత దూరం వచ్చింది.

"యాభై" అన్నాడు మణి. కొత్తగా వచ్చిన కాంట్రాక్టరు, మైకులో పేరు కోసం ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

ఎలియేజరు మెడ తిరిగింది. విందు మణి పేరు మీదా? తన ఇంటి పొయ్యి మీద, తన పెళ్ళాం వండితే, "బ్రదర్ మణిగారిని దీవించును గాక" అనా? "అరవై!" అన్నాడు, తనకి తెలీకుండానే. మణి వంద అన్నాడు. ఈయన నూట ఇరవై. అమ్మిరాజు చెమటలు తుడుచుకుంటూ ఒకటోసారి, రెండోసారి అంటున్నాడు. రెండొందలు దాటాక జనం బెంచీల మీద ముందుకి జరిగారు. పైసా సంపాదన లేని మనిషి ఖరీదు ఆవిడ కళ్ళెదుటే పెరుగుతోంది, పెంచుతున్నది ఆ మాటన్నవాడే. మణి రెండొందల తొంభై దగ్గర ఊపిరి తీసుకున్నాడు.

"మూడొందలు" అన్నాడు ఎలియేజరు.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అమ్మిరాజు గరిటెతో బల్ల మీద కొట్టాడు. చప్పట్లు మారుమోగాయి. ఎలియేజరు అలవాటుగా తల వంచబోయి, సగంలో ఆపాడు.

ఇంటికెళ్ళే దారిలో మొదటి సిగ్నల్ దగ్గర కారు ఆగగానే, "రేపే నీ వీసా క్యాన్సిల్ చేయిస్తాను" అన్నాడు ఎలియేజరు.

ఆ మాట వారం రోజులు ఆవిడని అన్నం తిననివ్వలేదు. ఇప్పుడు వింటే తేలిగ్గా ఉంది. "చేయించండి. పన్నెండు శుక్రవారాలు పాడుకుంది మీరు, తొంభై మంది ముందు. నేను రాజోల్లో ఉంటే పొయ్యి దగ్గర మీరు నిలబడాలి. ఉల్లిపాయలు పదికేజీలు పడతాయి, గురువారం మధ్యాహ్నమే మొదలుపెట్టుకోండి."

పచ్చలైటు వచ్చింది. వెనక కార్లు హారన్లు కొట్టేదాకా ఆయన కదల్లేదు.

శనివారం సెలవు. ఎలియేజరు నలిగిన మొహంతో ఏటీఎంకి వెళ్ళి, అక్కణ్ణించి కృపతో కలిసి హమద్ టౌన్ వచ్చాడు. ఫెలోషిప్పుకి రసీదు చూపించాలిగా మరి. దొడ్లో నలభై కుక్కలు ఒక్కసారి మొరిగేసరికి తలుపు దగ్గరే ఆగిపోయాడు. పులస వచ్చి ఆయన బూట్లు వాసన చూసింది, ఏమీ తోచక వెళ్ళిపోయింది. నోట్ల కట్ట అందుకున్న మర్యం కళ్ళు మెరిశాయి. స్థలం ఆసామికి అక్కడికక్కడే ఫోను చేసి, "ఖలాస్, ఇక అయిపోయింది, స్థలం మాదే" అంది. అప్పుడు ఎలియేజరు చొక్కా సర్దుకున్నాడు. నలుగురిలో పడే ఆ నవ్వు మొహాన పెట్టుకుని, "దానం అని రాయండి మేడమ్. నా పేరు మీద" అన్నాడు హిందీలో.

మర్యం పెన్ను ఆపి కృప వంక చూసింది.

"దానం కాదు మేడమ్" అంది కృప అదే హిందీలో, ఆయనకీ అర్థమయ్యేలా. "నా పేరు రాయండి. పదకొండేళ్ళ నా కూలిలో ఇది మొదటి వాయిదా."